కుంట గట్టున మీసం పందెం

తిరువూరు వాకర్స్ సంఘానికి అధ్యక్షుడంటే మామూలు పదవా? పొద్దున్నే అందరికంటే ముందు నడవొచ్చు. పంద్రాగస్టుకి జెండా ఎగరెయ్యొచ్చు. అందుకే ఆ కుర్చీ కోసం ఇద్దరు పెద్దమనుషులు మాటలు కూడా మానేశారు.

ఒకరు రిటైర్డ్ హెడ్మాస్టరు యోసేపు గారు. ఇంకొకరు మామిడితోటల ఆసామి ఆదిశేషయ్య గారు. యోసేపు గారికి గాలం వెయ్యడం వెన్నతో పెట్టిన విద్య. ఆదిశేషయ్య గారికి చేపలతో పరిచయం కంచంలోనే.

అలాంటి మనిషి ఓ రోజు టీకొట్టు దగ్గర, పదిమందీ వింటుండగా యోసేపు గారితో పందెం కాశారు. ఎ.కొండూరు రోడ్డులో కుంట ఉంది కదా, వచ్చే ఆదివారం ఇద్దరం గాలాలు వేద్దాం, మధ్యాహ్నంలోగా పెద్ద చేప పట్టినవాడు గెలిచినట్టు, ఓడినవాడు గట్టు మీదే మీసం తీయించుకోవాలి అన్నారు. ఆయన మీసం నిమ్మకాయలు నిలబెట్టే రకం. పెళ్లిఫొటోలో పెళ్లికూతురికంటే ముందు అదే కనపడుతుంది. ఈయనకు పోయేకాలం వచ్చిందనుకున్నారు విన్నవాళ్లు.

ఆదివారం రానే వచ్చింది. కుంటలో నీళ్లు మోకాలి లోతు. గట్టు మీద జనం మాత్రం తిరనాళ్లకొచ్చినంత.

యోసేపు గారు తవుడు ముద్ద గుచ్చి, బెండు సరిచేసుకుని, నీడ చూసుకుని కూర్చున్నారు. ఆదిశేషయ్య గారు విజయవాడ నుంచి తెప్పించిన కొత్త గాలాన్ని ముందు తన చొక్కాకి తగిలించుకున్నారు. తరవాత తుమ్మచెట్టుకి. దానికి ఎర పెట్టారో లేదో ఆయనకే తెలియాలి. సెలూన్ నుంచి కత్తితో సహా మనిషిని కూడా ఆయనే రప్పించారు. ఓటమికి ఇంత శ్రద్ధగా ఏర్పాట్లు చేసుకున్న వీరుణ్ణి ఊరు ఇంతవరకూ చూడలేదు.

ఎండ ముదిరేసరికి యోసేపు గారి బుట్టలో రెండు శీలావతులు, మూరెడు బొచ్చె. ఆదిశేషయ్య గారికి ఒక ఎండ్రకాయ. అదీ జారిపోయింది.

గడువు అయిపోయింది. యోసేపు గారికే మనసొప్పలేదు. ఏదో సరదాకి అనుకున్నాం, వదిలెయ్యండి అన్నారు.

"మాటంటే మాటేనండి మాస్టారూ," అన్నారు ఆదిశేషయ్య గారు. "మీసం పోతే మళ్లీ మొలుస్తుంది. మాట పోతే మొలవదు."

మెడకు తువ్వాలు చుట్టించుకుని కదలకుండా కూర్చున్నారు. మీసం రాలిపోతుంటే ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో ఫోన్లో తీసిన వీడియో అప్పటికే విస్సన్నపేట దాటిపోయింది. మనిషంటే ఇలా ఉండాలని అంతా ముక్కు మీద వేలేసుకున్నారు.

గెలిచిన యోసేపు గారు దొంగతనం చేసినవాడిలా నిలబడ్డారు. ఉండబట్టలేక పెద్ద బొచ్చెను తెచ్చి ఆదిశేషయ్య గారి చేతిలో పెట్టబోయారు. ఓడినవాడికి చేప ఎందుకండీ అని ఆయన దాన్ని ముట్టనైనా ముట్టలేదు. ఆ దెబ్బతో యోసేపు గారు జనం వైపు తిరిగారు.

"నేను పోటీలో లేనండి. ఇక అధ్యక్షుడు ఈయనే."

చప్పట్లు మోగాయి. ఎవరో దండ కూడా తెచ్చారు.

ఆ సాయంత్రం తిరుపతి బస్సులో సర్దుకుని కూర్చున్నాక, ఆదిశేషయ్య గారి భార్య సరోజినీదేవి ఆయన చెవిలో అడిగింది: "తలనీలాలతో పాటు మీసం కూడా ఇస్తానని నెల కిందటే మొక్కుకున్నారుగా, మరిప్పుడు వెంకన్నకేం చెప్తారండి?"