విరిగిన పెట్రోలు

"స్టార్ట్ చేస్తున్నానోయ్!" అన్న భర్త కేక విని, ఆమె వంటింట్లోంచి షెడ్డుకి పరుగెత్తింది.

"తాళం తిప్పారంటే ఊరుకోను!"

ఏళ్ల తరబడి ముసుగు కింద పడి ఉన్న రేసు కారులో కూర్చుని అతను వెర్రిమొహం వేశాడు. "కొత్త బ్యాటరీ పెట్టాను. ట్యాంకులో పెట్రోలు కూడా ఉందే!"

ఆమె మూత తీసి వాసన చూసి ముక్కు చిట్లించింది. "పెట్రోలా ఇది? వార్నిష్! లోపలికెళ్తే ఇంజనంతా బంక పట్టేస్తుంది. దిగండి!"

"కాస్త కొత్తది కలిపితేనో?"

"విరిగిన పాలల్లో మంచి పాలు పోస్తారా ఎవరైనా? మిమ్మల్ని కట్టుకున్నందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి."

తిడుతూనే కొంగు నడుముకి బిగించింది. గొట్టం వేసి పాత పెట్రోలంతా తోడేసింది. ఫిల్టరు మార్చింది. మధ్యలో ఆమె ఒకటి అడిగితే అతను ఇంకొకటి అందించాడు.

"స్పానరుకీ గరిటెకీ తేడా తెలియని మొహం!"

పక్కనే ఉన్న క్యానులోని తాజా పెట్రోలు పోసి, తనే సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గి, గర్జించింది. ఆమె స్టీరింగుని రెండు చేతులా పట్టుకుంది.

పందెంలో తను నడుపుతున్న ఈ కారు పల్టీ కొట్టిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఆమె ఈ షెడ్డు గడప తొక్కలేదు. అంతకుముందు ఆమె గెలిచిన ప్రతి పందేనికీ ఈ ఇంజను విప్పి బిగించింది అతనే.

"పెట్రోలు సంగతి మీకు తెలీదూ?" అంది, అతని వైపు తిరిగి.

అతను షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు.

"బెల్టు పెట్టుకో."