చెల్లెలి చేతిలో బంతి

లవీనా విజిల్ ఊదింది. "డబుల్ డ్రిబుల్! బంతి వాళ్ళకి."

డాలీగంజ్ చర్చి వాళ్ళ బాస్కెట్‌బాల్ ఆట అది, రిఫరీ లవీనాయే. తన టీము ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, ఆఖరి నిమిషంలో బుట్టవైపు దూసుకెళ్తున్న ఫేబే బంతితో అక్కడే ఆగిపోయింది.

"అక్కా, పాసు పట్టుకోబోతే చేతుల్లోంచి జారింది. తీసుకున్నాకే కదా కొట్టుకుంటూ వెళ్ళడం మొదలెట్టాను!"

"నేలకి తగిలింది, మళ్ళీ పట్టుకున్నావు."

"కొట్టి, పట్టుకుని, మళ్ళీ కొడితే కదా తప్పు? జారితే కొట్టినట్టా? నువ్వే నేర్పావు."

లవీనా చెమట తుడుచుకుంది. పొద్దుటినుంచి పరిగెత్తి పరిగెత్తి కాళ్ళు లాగేస్తున్నాయి. సంఘంలో విజిల్ పట్టేవాళ్ళు వేరే లేరు. ఇంటివాళ్ళ వైపు ఊదిందని ఒక్కసారి మాట వస్తే ఇక తన విజిల్‌ని ఎవరూ నమ్మరు.

"పోనీలే, ఊదేశాను. ఇచ్చెయ్."

ఫేబే గొడవపడలేదు. బంతి అందిస్తూ నీరసంగా అడిగింది. "నేను కాక ఇంకో పిల్లైతే ఊదేదానివా?"

లవీనా బంతి అందుకుని కోర్టు మధ్యకి నడిచింది. తర్వాత అందరికీ వినబడేలా అంది.

"పొరపాటు నాదే. జారడం డ్రిబుల్ కాదు. బంతి ఫేబే టీముదే, పక్కగీత దగ్గర్నుంచి వేస్తారు."

అవతలి కోచ్ సుందర్‌రాజ్ కుర్చీలోంచి లేచాడు. "అరే వాహ్ దీదీ! చెల్లెలని మాట మార్చేశావా?"

"లేదు భయ్యా," అంది లవీనా, బంతిని ఫేబే చేతికిస్తూ. "చెల్లెలనే ఇందాక ఊదాను."