కొత్త బోర్డుకు పసుపు

గ్రైండర్లకు కూడా మాటలొచ్చిన కాలమది. నూకరత్నం తన టిఫిన్ కొట్టు గ్రైండర్‌కు కొత్త సర్క్యూట్ బోర్డు బిగించి, బూట్‌లోడర్ ఎక్కిస్తోంది. యంత్రానికి నిద్రలేవడం నేర్పే తొలిపాఠం అది. అంతలో మొగుడు సింహాద్రి వచ్చి బోర్డుకు తడిపసుపు రాసేశాడు. దానిమీది లైటు ఠక్కున ఆరిపోయింది.

"కొత్తదానికి పసుపెట్టొద్దేటి?"

"మూతకెట్టాలి మావా! అవతల పప్పు నానిపోతంది," అంటూ ఆమె బోర్డును కొంగుతో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ మొదటినుంచి ఎక్కించింది. లైటు వెలిగింది.

"లేచాను. పప్పు రుబ్బనా?" అంది గ్రైండర్ లేతగొంతుతో.

సింహాద్రి కరిగిపోయాడు. "ఇప్పుడే కళ్లు తెరిసింది, పసిది! ఇయ్యాల్టికి నాను రుబ్బుతాన్లే," అని పాత రుబ్బురోలు ముందు కూర్చున్నాడు.

"పెళ్లయిన కాడ్నుంచీ తెల్లారకుండానే లెగుత్తన్నాను. నాతో ఎప్పుడైనా అన్నావా ఆ మాట?"

సింహాద్రి తలెత్తకుండా పొత్రం తిప్పాడు. "నువ్వూ తొంగోవే కాసేపు."