ఆలోచనా విధానం

“మాట మనం మనసుకు తీసుకుంటేనే తగులుతుంది తల్లీ. నీ ఆలోచనా విధానం మార్చుకో, ఒత్తిడి దానంతటదే పోతుంది,” అన్నారు హెడ్‌మిస్ట్రెస్. ఈమధ్యే దీని మీద శిక్షణకు వెళ్లొచ్చారామె. భోజనాలు బాగా పెట్టారట.

ఎదురుగా నిలబడ్డ అమ్మాయి జుట్టు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నత్తి లేకుండా పేరు చెప్పేదాకా వదలమంటూ ఇందాక క్లాసు పిల్లలు ముగ్గురు ఆమె తలను కుళాయి కింద వంచి పట్టుకున్నారు.

“నేనూ అదే చెప్తానండీ, పట్టించుకోకే అని,” అంటూ అమ్మాయి తల్లి ఇంటికెళ్లడానికి కుర్చీలోంచి లేచింది.

“మా... మార్చుకున్నాను మేడమ్,” అంది అమ్మాయి. “ఇన్నాళ్లూ తప్పు నా నత్తిదే అనుకుని నోరు మూసుకున్నా. ఇప్పుడు త... తప్పు వాళ్లదని తెలిసింది. అందుకే ఏడుపు రావట్లేదు. వాళ్లనెప్పుడు పిలుస్తారు?”

హెడ్‌మిస్ట్రెస్ గొంతు సవరించుకున్నారు. “వాళ్లలో ఒకమ్మాయి మన స్కూలు కమిటీ ఛైర్మన్‌గారి కూతురమ్మా. కాస్త విశాలంగా ఆలోచించాలి.”

“ఎవరు మేడమ్, నే... నేనా, మీరా?”

తల్లి కూతురి ముఖం కేసి కాసేపు చూసింది. ఆమెను పక్క కుర్చీలో కూర్చోబెట్టి, తానూ మళ్లీ కూర్చుంది.

“పిలిపించండి మేడమ్. మాకేం తొందర లేదు.”