పదిహేడు ఒకట్లు

బూర్గంపాడు దాటి అడవిలోకి వచ్చేసరికి బస్సు టైరు పేలింది.

మగవాళ్లు చాలామంది దిగి చుట్టలు ముట్టించారు. ముత్తక్క మాత్రం సీట్లోనే కూర్చుని సంచీలోంచి పలక తీసింది. దానిమీద వరసగా పదిహేడు ఒకట్లు వేసి, ఏదో సంఖ్యతో భాగించింది. శేషం మిగిలింది. చెరిపేసి ఇంకో సంఖ్య పట్టుకుంది.

పక్క సీట్లో ముసలాయన చాలాసేపు చూసి, ఏం లెక్క తల్లీ అని అడిగాడు.

పగ లెక్క అంది ముత్తక్క.

దాచుకునే పగ కాదది. ఎవరడిగినా చెప్పేస్తుంది, ఆయనకూ చెప్పింది.

ఆమె తండ్రి ముసలయ్య అడవిపల్లెలో బడిపంతులు. ఒకసారి ఖమ్మంలో పంతుళ్ల సభ జరిగింది. వెంకటరామారావు అనే లెక్చరర్ బోర్డు మీద పదిహేడు ఒకట్లు రాసి, ఒకటీ ఈ సంఖ్యా తప్ప మరేదీ దీన్ని శేషం లేకుండా భాగించలేదన్నాడు. ముసలయ్య లేచి, అంత గట్టిగా ఎట్లా చెప్తున్నారు సార్ అని అడిగాడు. పాపం, తెలుసుకుందామనే అడిగాడు.

అయితే నువ్వు భాగించి చూపించు, చేతకాకపోతే అడవికి పోయి తునికాకు కట్టలు లెక్కపెట్టుకో అన్నాడు లెక్చరర్. సభంతా పగలబడి నవ్వింది.

ముసలయ్య ఆ లెక్కలోనే పడి తిండీ నిద్రా మరిచాడు. బడి పోయింది. చివరికి మనిషీ పోయాడు. లెక్క మాత్రం తెగలేదు.

తెగితే ఏం చేస్తావమ్మా అని అడిగాడు పక్క సీటు ముసలాయన.

"గా లెక్చరర్ మొహం నేనెన్నడు చూడలే. చూసిననాడు నలుగుర్ల నిలబెట్టి గీ లెక్క ఆయన మొహాన కొడత."

ముసలాయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

బస్సు కదిలాక మెల్లగా నోరు విప్పాడు.

"అన్నిటితోనూ భాగించకమ్మా. దీన్ని భాగించే ప్రధాన సంఖ్యంటూ ఉంటే, దాన్ని పదిహేడుతో భాగించినప్పుడు ఒకటే మిగలాలి. అట్లా మిగలనివన్నీ వదిలెయ్."

ఎందుకో కూడా దారి పొడుగునా విడమర్చి చెప్పాడు. ముత్తక్కకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. నాయన బతికుండగా ఈ ఒక్క ముక్క చెప్పే దిక్కు లేకపోయింది కదా! ఆ మంటలో పేరైనా అడగకుండా దమ్మపేటలో దిగిపోయింది.

కొండంత పని చేటెడైంది. రెండేళ్లకు లెక్క తెగింది. ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల ఏడువందల ఇరవై మూడు. శేషం సున్నా.

ముత్తక్క పలకను గుండెకు హత్తుకుని బావురుమంది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని వెంకటరామారావు ఎక్కడున్నాడో ఆరా తీసింది. అశ్వారావుపేట హైస్కూల్లో శిష్యులు ఆయనకు సన్మానం చేస్తున్నారట. ఇంతకన్నా ఏం కావాలి?

ఆమె వెళ్లేసరికి హాలు నిండిపోయింది. స్టేజీ ఇంకా ఖాళీగానే ఉంది. ఎవరి మొహమూ చూడకుండా నేరుగా ఎక్కేసి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గుణకారం మొదలుపెట్టింది. ఒక్కొక్క వరసా దిగింది. కూడింది. అడుగున పదిహేడు ఒకట్లు పడ్డాయి.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మా నాయన ముసలయ్య పంతులును అడవికి పొమ్మన్నోడు ఏడి? మనిషిని చంపినోనికి దండలేస్తున్నరా? మా నాయన ఉసురు తగిలి పురుగులు పడి చస్తడు!"

నలుగురు కుర్రాళ్లు ఆమెను కిందికి లాగేయడానికి ఉరికారు.

"ఆవిడ తిట్టేది నన్నే, తిట్టనివ్వండి" అంటూ ముందు వరసలోంచి లేచి చేతులు జోడించినవాడు, బస్సులో ఆమెకు దారి చెప్పిన ముసలాయనే.