యెరికో ఆట

“ఇంకోసారి ఆ పిల్లల చేతులు నా గోడ మీద పడితే బాగుండదు, చెబుతున్నా.”

లక్ష్మీనారాయణ అవతల ఏదో ఎక్కి నిలబడి, గోడ మీద నుంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు. ఇవతల మల్లీశ్వరి డోలక్ వాయించడం ఆపింది కానీ కింద పెట్టలేదు.

గురజాల దగ్గరి ఆ పల్లెలో చర్చి వాళ్లు నడిపే చిన్నపిల్లల బడికి ఆమె టీచరు. మూడు నాలుగేళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి బైబిలు కథ చెబితే సగంమంది నిద్రపోతారు, మిగతా సగం పక్కవాళ్ల జుట్టు పీకుతారు. అందుకని ఆమె కథను వాళ్ల ఒంటికే నేర్పేది. నోవహు కథ అయితే ఓడలో ఉన్నట్టు ఊగాలి. దావీదు కథ అయితే వడిసెల తిప్పాలి. ఇప్పుడు యెరికో పట్టణం వంతు వచ్చింది. దేవుడి ప్రజలు చుట్టూ తిరిగి కేక వేస్తే కోటగోడలు కూలిపోయిన కథ అది. పిల్లలు బూర ఊదినట్టు పిడికిళ్లు నోటి దగ్గర పెట్టుకుని, పాడుకుంటూ తరగతి గది చుట్టూ తిరగాలి. చివరికి గది వెనక సందులో ఆగి, అక్కడున్న గోడను రెండు చేతులతో నెడుతూ ఒక్క కేక పెట్టాలి.

ఆ గోడ లక్ష్మీనారాయణది. ఆ సందు తన పొలం హద్దులోదని ఆయన ఎప్పటి నుంచో అంటున్నాడు. చర్చి సంఘమంతా గుంటూరులో సభలకు వెళ్లి తిరిగొచ్చేసరికి అక్కడ నిలువెత్తు గోడ లేచి ఉంది. కట్టింది సంఘంలోని తాపీమేస్త్రి దానయ్యే. ఆ సిగ్గుతో పాపం చర్చికి రావడం మానేశాడు. పాస్టరు దేవానందం కోర్టుకు వెళ్లాడు. కేసు తేలేదాకా ఆ గోడను ఎవరూ కదిలించకూడదని కోర్టు ఇద్దరికీ చెప్పింది. అంతకు ముందు మల్లీశ్వరి లక్ష్మీనారాయణను బాబాయ్ అని పిలిచేది. ఆ తర్వాత వరస పెట్టి పిలవడం మానేసింది.

“చిన్నపిల్లల ఆటండీ ఇది. వీళ్లు నెడితే గోడలు పడిపోతాయా?” అంది.

“ఆటయినా పాటయినా ముందర వాకిట్లో ఆడించుకో. ఈ సందులోకి తేబాక.”

“సందు మాది.”

“అది కోర్టు చెప్పిద్ది. నువ్వు చెప్పేదేంది?”

ఆయన ముఖం కందగడ్డలా ఎర్రబడింది. గోడ కూలాలని పిల్లలతో ప్రార్థన చేయిస్తోందని అనుకుంటున్నాడు కాబోలు. నిజం చెప్పాలంటే ఆ ఉద్దేశం మల్లీశ్వరికి బొత్తిగా లేకపోలేదు.

మర్నాడు వచ్చి చూస్తే సందు నిండా తుమ్మకంప. చెప్పుల్లేకుండా తిరిగే పసివాళ్ల దారిలో ముళ్లు పరిచాడంటే ఆయన మనిషేనా అనిపించింది. చేతులు గీరుకుపోతున్నా కంపంతా పక్కకు లాగి, ఆ రోజు డోలక్ ఇంకాస్త గట్టిగా వాయించింది.

ఆ మర్నాడు కంప రెట్టింపయింది. దాని ముందు ఒక కుక్కను కూడా కట్టేశాడు. ఎవరు కనిపించినా గొలుసు తెంచుకునేంత పని చేసే కుక్క. కీర్తి అనే నాలుగేళ్ల పిల్ల దాన్ని చూసి జడుసుకుని జ్వరం తెచ్చుకుంది.

అంతటితో ఊరుకున్నాడా? నీళ్ల ట్యాంకు దగ్గర తల్లులను నిలబెట్టి, ఎవరి పిల్లలు ఆ సందులో కనిపిస్తే వాళ్లు తన చేలో కూలికి రానక్కర్లేదని తేల్చి చెప్పాడు. ఆయన చేలో పనికి వెళ్లని ఇల్లు ఆ పేటలో లేదు. వారం తిరిగేసరికి బడి సగం ఖాళీ అయింది. ఇలాగే ఉంటే బడి మూసేయాల్సిందేనని పాస్టరు తలపట్టుకున్నాడు. ఆట ముందు వాకిట్లోకి మార్చమని బతిమాలాడు.

మల్లీశ్వరి పళ్లు కొరుకుతూ ఒప్పుకుంది. పిల్లలు మళ్లీ వచ్చారు. ఆ పూట ప్రార్థనలో ఆమె లక్ష్మీనారాయణ పేరు ఎత్తింది. ఆయన మంచి కోరి మాత్రం కాదు.

తర్వాత ముసురు పట్టింది. మూడు పూటలు ఒకటే వాన. తెరిపి ఇచ్చిన పొద్దున పిల్లలు వాకిట్లో బూరలు ఊదుకుంటూ తిరుగుతుండగా గది వెనక దబ్బున చప్పుడైంది. నేల అదిరింది. వెళ్లి చూస్తే సందు లేదు. గోడ మొత్తం ఇటువైపే ఒరిగి, కంప మీద కుప్పగా పడింది. కుక్క ఎప్పుడు తెంచుకుందో, దూరంగా నిలబడి మొరుగుతోంది.

పిల్లలు గంతులు వేశారు. సంఘమంతా పరిగెత్తుకొచ్చింది. దేవుడే కూల్చాడని పాస్టరు అక్కడికక్కడే పాట ఎత్తుకున్నాడు.

లక్ష్మీనారాయణ కాళ్లకు చెప్పులైనా లేకుండా వచ్చాడు. ఇటుకల వైపు చూడలేదు. పెదాలు కదుపుతూ పిల్లలనే ఒక్కొక్కరిగా చూశాడు. తిట్టుకుంటున్నాడనుకుని మల్లీశ్వరి కీర్తిని వెనక్కి లాక్కుంది. ఆయన అలాగే బురదలో చతికిలబడి, కండువాలో మొహం దాచుకున్నాడు. కేసు పోయినట్టేనన్న ఏడుపు అది. ఆమె కడుపు చల్లబడింది.

దానయ్య ఒక్కడే పాట పాడకుండా ఇటుకల దగ్గర నిలబడి ఉన్నాడు. మల్లీశ్వరి దగ్గరికి వెళ్లి, “చూశావా దానయ్య మామా, పసిబిడ్డలను ఏడిపించినందుకు దేవుడు ఎట్టా కొట్టాడో,” అంది.

దానయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “పునాది తియ్యకుండా లేపిన గోడమ్మాయ్ అది, పిల్లలు నెట్టడం చూసిన రోజే ఆయన నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, కోర్టు పడగొట్టనీదు, పునాది లేదని చెబితే కేసు పోద్ది, ఊరంతా నన్ను తిట్టినా సరే ఒక్క బిడ్డ కూడా దాని పక్కకి రాకూడదురా అని వణికిపోయాడు.”