పేషెంటు వేషం

“డ్రైవరు అట్ల దగ్గడు,” అన్నాడు ఆశీర్వాదం, గడప దగ్గర కుర్చీలో వెనక్కి వాలి. “నువ్వు దగ్గుతాంటే పిల్లి తుమ్మినట్లుండాది.”

కృపమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. ఆమె ఎదురుగా కూర్చున్న కూతురు రెజీనా విసుక్కుంది.

“నువ్వు నవ్వితే నేను యాడ నేర్చుకునేదమ్మా? మంగళవారమే ఇంటర్వ్యూ.”

ఆదివారం ఆరాధన అయిపోయి, అన్నాలు కూడా అయిన వేళ అది. రెజీనా పోయినేడు కూడా ఈ పీహెచ్‌డీ కోసమే బెంగళూరుకు వెళ్ళి ఉత్త చేతులతో వచ్చింది. క్లినికల్ హెల్త్ సైకాలజీ అట. జబ్బు చేసిన మనిషి మనసులో ఏముందో కనుక్కుని, వైద్యానికి ఒప్పించే చదువు. కంటోన్మెంట్‌లో తమ వీధి వాళ్ళకు ఇదంతా వివరించలేక ఆశీర్వాదం “సూది వేయని డాక్టరు” అని తేల్చేశాడు. అప్పటి నుంచి వీధిలోని ముసలమ్మలంతా ఆ పిల్ల చదువు ఎప్పుడు అవుతుందా అని ఎదురుచూస్తున్నారు.

ఇంటర్వ్యూలో ఒక మనిషిని పేషెంటు వేషంలో కూర్చోబెడతారు. అతన్ని మాట్లాడించాలి, ఆస్పత్రికి ఒప్పించాలి. పోయినేడు రెజీనా ఆ పేషెంటును నోరెత్తనివ్వకుండా ఉపన్యాసం దంచి వచ్చింది. ఈసారి పరిశోధనకు ఆమె గనుల లారీ డ్రైవర్లను ఎంచుకుంది. దగ్గు ముదిరినా వాళ్ళు డాక్టరు గడప ఎందుకు తొక్కరన్నది ఆమె ప్రశ్న.

ఆ ప్రశ్న విన్నప్పుడల్లా ఆశీర్వాదానికి ఇబ్బందిగా ఉండేది. కూరెకుప్ప దగ్గర గనుల నుంచి రైల్వే సైడింగుకు ఇనుప ఖనిజం తోలే టిప్పరు డ్రైవరు ఆయన. ఎర్రమట్టి ఓడలెక్కి చైనా పోతున్న రోజులవి. ఒక్క పూట ఆగినా ఆ సీట్లోకి ఎగబాకడానికి జనం కాచుకుని ఉండేవాళ్ళు. అందుకే కొన్ని నెలలుగా పట్టుకున్న దగ్గును ఆయన ఇంట్లో బయటపెట్టలేదు. దగ్గు తెర వచ్చినప్పుడల్లా బండి చూసొస్తానని వీధిలోకి పోయేవాడు. ఎవరైనా ఆస్పత్రి మాటెత్తితే చెప్పులు వేసుకునేవాడు.

“మీ అమ్మతో అయ్యేది కాదులే పాపా. లేయ్, నేను కూర్చుంటా.”

కృపమణి చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళింది. క్రిస్మస్ నాటకంలో ఏ వేషం ఇచ్చినా సంఘమంతటినీ ఏడిపించే మనిషి, ఇంట్లో రెండు దగ్గులు దగ్గలేకపోయింది. వయసు మీద పడిందనుకున్నాడు ఆశీర్వాదం. రెజీనా కూడా ఆయనకు వింతగానే కనిపించింది. ఇంటర్వ్యూ నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నం రొట్టెలు అడిగి మరీ వేయించుకుంది. రెండు వారాల కింద బెంగళూరులో స్నేహితురాలి పెళ్ళికి పోయొచ్చిన హుషారు ఇంకా దిగలేదు కాబోలు.

“చెప్పప్పా, ఎన్నాళ్ళ నుంచి దగ్గు?” అంది రెజీనా, పరాయి మనిషిని అడిగినట్టు.

“దగ్గు ఏంది మేడమ్, దుమ్ము. గనిలో తిరిగేటోని దగ్గర పన్నీరు వాసనొస్తాదా?”

“బాగుండాది,” అంది కృపమణి లోపలి నుంచి.

రెజీనా ఈసారి ఉపన్యాసం మొదలుపెట్టలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. వేషం కట్టినవాడు ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఆశీర్వాదమే అందుకున్నాడు.

“పండుకుంటే ఎక్కువైతాది. మిద్దె మెట్లెక్కితే ఆయాసం. ఒకనాడు ఉమ్మితే ఎర్రగా పడె. ఖనిజం దుమ్మేలే అనుకున్నా.”

రెజీనా చేతిలో పెన్ను ఆగింది. “ఇంట్లో చెప్పినావా అప్పా?”

“యాడ చెప్పేది? పెండ్లాం ఏడుస్తాది. బిడ్డ చదువు ఇడిసిపెట్టి ఈడ కూర్చుంటాది.”

“ఆస్పత్రంటే భయమా?”

ఆశీర్వాదం తల అడ్డంగా ఊపాడు.

“ఆస్పత్రంటే కాదు మేడమ్. మాతో బండి తోలే బసప్ప ఎక్స్‌రే తీయించుకున్యాడు. మందులు మింగినాడు, నయమాయె. అయినా ఆ పొద్దు నుంచి వానికి ఎవురూ బండి ఇయ్యలేదు. టీ అంగట్లో గ్లాసు గూడా వేరే పెట్టినారు. నాకు జబ్బుకు భయం లేదు. ఆ గ్లాసుకు భయం.”

చెప్పాక ఆయనకు దుఃఖం వచ్చింది, ఆ వెంటనే ప్రాణం తేలికపడింది. నిజమంతా చెప్పి కూడా దొరక్కుండా ఉండే ఉపాయం ఇంత సులువని ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

“ఆ గ్లాసుకు నాకూ భయమే అప్పా,” అంది రెజీనా మెల్లగా. “ఇద్దరం పోదామా? ఎవురికీ చెప్పొద్దు.”

“నువ్వు తోడుంటే వస్తా మేడమ్.”

వంటింటి గుమ్మంలో నుంచి కృపమణి చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో ఆశీర్వాదానికి ఇంకో ఆలోచన వచ్చింది.

“పాపా, ఎక్స్‌రే కాడ మనిషి ఎట్లుంటాడో చూడకుంటే ఎల్లుండి వాళ్ళు అడిగితే ఏం చెప్తావు? పొద్దున్నే పోదాం. నీ కోసరం నిజంగానే తీయించుకుంటా.”

“లోడు పోతాది కద నాయనా?”

“పోనీలే. నీ సీటు కంటే ఎక్కువా?”

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తలలూపారు.

సోమవారం డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూశాడు. “కఫం కూడా పరీక్ష చేద్దాం. క్షయలాగే ఉంది. ముదరకముందే వచ్చారు, మంచి పని చేశారు. మందులు మానకుండా మింగితే పూర్తిగా నయమవుతుంది.”

“చూస్తివా పాపా,” అన్నాడు ఆశీర్వాదం, వీలైనంత ఆశ్చర్యం మొహానికి తెచ్చుకుని. “వేషం కడితే నిజంగానే దొరికె.”

రెజీనా కూడా కళ్ళు పెద్దవి చేసింది.

ఆస్పత్రి గేటు దాటాక ఆయన కూతురి భుజం తట్టాడు. గుండెల మీది బరువు దిగి ఎన్నడూ లేనంత ఉల్లాసంగా ఉన్నాడు.

“రేపు బెంగళూరులో గూడా ఇట్లనే సుమ్నే, ఊరికే కూర్చో. మనిషి తనంతట తానే చెప్తాడు. భయపడాకు, ఈసారి సీటు నీదే.”

“నీ నోటి చలవ నాయనా,” అంది రెజీనా.

స్నేహితురాలి పెళ్ళని చెప్పి ఆమె పోయింది ఆ ఇంటర్వ్యూకే. ఆ సీటు ఆమెకు వచ్చి అప్పటికే వారం దాటింది.